హస్కీ కుక్కలో తోడేలెంత?

1925వ సంవత్సరము జనవరి నెలలో, అలాస్కా పశ్చిమ తీరమునందలి నోమ్ అను చిన్న పట్టణములో పిల్లలకు కంఠసర్పి వ్యాధి సోకెను. డిఫ్తీరియా అని వైద్యులు పిలుచునది ఇదియే. గొంతులో పొర కట్టి, ఊపిరాడక పిల్లలు ప్రాణములు విడుచు జబ్బు. ఊరికి ఉన్న వైద్యుడు కర్టిస్ వెల్ష్ ఒక్కడే. ఆయన వద్దనున్న విరుగుడు మందు పాతబడియుండెను. సముద్రము గడ్డకట్టుటచేత ఓడలు రావు. ఆనాటి విమానములు ఆ చలిలో ఎగురగలవను నమ్మకము ఎవరికిని లేదు. చివరకు ఆంకరేజ్ ఆసుపత్రిలో దొరికిన మందును రైలుపై నెనానా వరకు తెచ్చి, అక్కడినుండి సుమారు 1,085 కిలోమీటర్ల దూరము కుక్కలు లాగు మంచుబండ్లపై పంపవలసివచ్చెను. ఇరువదిమంది బండివాండ్రు, దాదాపు 150 కుక్కలు, ఒకరి చేతినుండి ఒకరు అందుకొనుచు ఐదున్నర దినములలో ఆ పెట్టెను నోమ్ చేర్చిరి. కడపటి బండికి ముందు నడచిన కుక్క పేరు బాల్టో.

బాల్టో కీర్తి లోకమంతట వ్యాపించినది. ఆ యేడాది డిసెంబరు నెలలోనే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి కంచు విగ్రహము నిలిపిరి. (దారిలో అన్నిటికంటె పొడవైన, అపాయకరమైన భాగము దాటినది టోగో అను మరియొక కుక్క, దానికి ఆనాడు దక్కవలసినంత పేరు దక్కలేదని తెలిసినవారు ఇప్పటికిని వాపోవుదురు.) కాలము గడచినకొలది బాల్టోనుగూర్చి కథలు పెరిగినవి. 1995లో వచ్చిన ఒక బొమ్మల చలనచిత్రములో బాల్టోను సగము తోడేలుగా, సగము హస్కీగా చూపిరి. పిల్లలు ఆ మాటనే నమ్మిరి. పెద్దలలోను నమ్మినవారు తక్కువకాదు. అంతటి ఓర్పు, అంతటి చలి తట్టుకొను శక్తి ఒక కుక్కకు తోడేలు రక్తము లేకుండ ఎట్లు వచ్చునని వారి వాదము.

ఇది పరీక్షింపదగిన ప్రశ్నయే. బాల్టో 1933లో చనిపోయిన తరువాత దాని చర్మమును క్లీవ్‌లాండ్ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారు భద్రపరచిరి. అందులోనుండి కడుపుదిక్కు చర్మపు చిన్న ముక్కను తీసి, శాస్త్రజ్ఞులు దాని జన్యులిపిని చదివి, నేటి కుక్కల, తోడేళ్ళ లిపులతో పోల్చి చూచిరి. ఫలితము 2023లో వెలువడినది. బాల్టోలో తోడేలు సంతతి జాడ ఏమియు కనబడలేదు. సైబీరియా హస్కీలతోను, గ్రీన్‌లాండు బండికుక్కలతోను దానికి చుట్టరికమున్నది. తోడేలుతో ఇటీవలి చుట్టరికము లేదు.

అట్లయిన, హస్కీని చూచిన ప్రతివాడును తోడేలని ఏల భ్రమపడును? ఆ రెండింటికి నిజముగా ఉన్న భేదమేమి? భేదము కొంత కంటికి కనబడును. కొంత పుర్రెలో, కొంత క్లోమములో, అన్నిటికంటె ముఖ్యమైనది పుట్టిన మొదటి కొన్ని వారములలో దాగియున్నది.

ముందుగా ఒక మాట. తోడేలుకు, కుక్కకు ఒక్కొక్క కణమునందు 78 క్రోమోసోములే ఉండును. రెండును కలిసినచో పిల్లలు పుట్టును. ఆ పిల్లలకు మరల పిల్లలు పుట్టును. 1758లో లిన్నేయసు పండితుడు ఈ రెండింటికి వేరువేరు జాతినామములు పెట్టినప్పుడు, కుక్కకు ఆయన చెప్పిన ప్రత్యేక లక్షణము తోక పైకి వంగియుండుట. 1993 తరువాత చాలమంది కుక్కను తోడేలులో ఉపజాతిగా లెక్కించిరి. 2019లో శునక కుటుంబ నిపుణుల సంఘమొకటి కుక్కను వేరు పేరుతో పిలుచుటయే మేలని సలహా యిచ్చినది. అనగా పేరుమీద తగవు ఇంకను తీరలేదు. కాని నేటి తోడేలు నేటి కుక్కకు తల్లి కాదను సంగతి మాత్రము గుర్తుంచుకొనవలెను. 15,000 సంవత్సరములకు పూర్వమే, బహుశః అంతకంటె చాల ముందే, ఏదో ఒక ప్రాచీన తోడేళ్ళ సంతతినుండి కుక్కలు చీలిపోయినవి. ఆ సంతతి నేడు మిగిలియుండలేదు. కనుక తోడేలు, హస్కీ ఒకే ముత్తాతకు పుట్టిన రెండు శాఖలవారు.

కంటికి కనబడునవి

లిన్నేయసు చెప్పిన తోక గుర్తు హస్కీ విషయములో ఇప్పటికిని పనికివచ్చును. హస్కీ ఉల్లాసముగా ఉన్నప్పుడు తోక కొడవలివలె వీపుమీదికి వంగును. తోడేలు తోక నిటారైనది. సాధారణముగా క్రిందికి వ్రేలాడును, బెదిరించునప్పుడు వెనుకకు చాచబడును లేదా పైకి లేచును గాని వీపుపై చుట్టుకొనదు.

కాళ్ళు చూడుడు. తోడేలు కాళ్ళు శరీరమునుబట్టి చాల పొడవు, రొమ్ము ఇరుకు, మోచేతులు లోపలికి నొక్కుకొని, ముందు పాదములు కొంచెము బయటికి తిరిగియుండును. మంచుమీద నడచునప్పుడు వెనుకకాలు ముందుకాలు వేసిన గుంటలోనే పడును. అందుచేత తోడేలు జాడ ఒకే దారము వెంబడి పేర్చినట్లు తిన్నగా సాగిపోవును. లోతైన మంచులో ప్రతి అడుగునకు క్రొత్త గుంట త్రవ్వుట శ్రమ కదా. ఈ పొదుపు వేటాడి బ్రతుకు జంతువునకు ప్రాణాధారము. పెంపుడు కుక్క నడకలో ఇంత పొదుపు కనబడదు. దానికి తిండి యజమాని పెట్టును.

పొడవు, బరువు అను లెక్క అంత సులభముగా తేలదు. మగ హస్కీ బరువు 20 నుండి 27 కిలోగ్రాములు, భుజమువద్ద ఎత్తు 53 నుండి 60 సెంటీమీటర్లు. ఉత్తరాది తోడేలు మగది 40 కిలోలు దాటుట సామాన్యము. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపిన ఎవరికిని సందేహముండదు. కాని మన దక్కను పీఠభూమిలోని తోడేలు బరువు 20 కిలోల చుట్టుప్రక్కలనే ఉండును. హస్కీకంటె పెద్దది కాదు. చలి దేశముల జంతువులు అదే జాతికి చెందిన వేడి దేశముల జంతువులకంటె పెద్ద శరీరము కలిగియుండునని 1847లో బెర్గ్‌మన్ అను జర్మనీ పండితుడు గుర్తించెను. ఘనపరిమాణము పెరిగినంత వేగముగా ఉపరితలము పెరుగదు. కనుక పెద్ద శరీరము వేడిని మెల్లగా కోల్పోవును. తరగతిలో ఒక సెంటీమీటరు భుజముగల ఘనమునకు, రెండు సెంటీమీటర్ల భుజముగల ఘనమునకు ఉపరితలమును, ఘనపరిమాణమును లెక్కకట్టించిన పిల్లలకు వెంటనే బోధపడును: మొదటిదానిలో నిష్పత్తి 6, రెండవదానిలో 3.

అయితే చలిదేశపు హస్కీ ఇంత చిన్నదిగా ఏల ఉన్నది? ఇక్కడనే మనిషి చేయి కనబడును. తోడేలు పరుగెత్తును, ఆగును, పండుకొనును. బండికుక్క గంటలతరబడి ఆగక లాగుచుండవలెను. అట్టి పనిలో చలికంటె లోపల పుట్టు వేడియే దానికి శత్రువగును. చిన్న శరీరము ఆ వేడిని త్వరగా వదిలించుకొనును. 1908లో గూసాక్ అను రష్యా వర్తకుడు సైబీరియా నుండి ఈ కుక్కలను మొదట నోమ్‌కు తెచ్చినప్పుడు అక్కడివారు వానిని సైబీరియా ఎలుకలని ఎగతాళి చేసిరట. 1910లో ఆ ఎలుకలే 650 కిలోమీటర్లకు మించిన పందెమును గెలిచి చూపినవి.

ఇక ముఖము. హస్కీ మొగముమీద నలుపు తెలుపుల హద్దులు గీత గీచినట్లు ఉండును. తోడేలు మొగమున రంగులు ఒకదానిలో ఒకటి కరగిపోవును. ఒక్కొక్క వెంట్రుకమీదనే పలు రంగుల పట్టెలుండుట దీనికి కారణము. కన్నులు మరింత నమ్మదగిన గుర్తు. పెరిగిన తోడేలు కన్ను పసుపుపచ్చగనో, తేనెరంగులోనో ఉండును. నీలికన్నులు తోడేలు కూనకు పుట్టిన కొన్ని వారములవరకు మాత్రమే ఉండి తరువాత మారిపోవును. కనుక నీలికన్నుల పెద్ద జంతువును చూపి ఎవరైన తోడేలని చెప్పినచో నమ్మనక్కరలేదు. హస్కీ నీలికన్నులకు కారణము 18వ క్రోమోసోముపై ఒక ముక్క రెండుసార్లు వ్రాయబడుటయని ఆరువేల కుక్కలకు పైగా పరీక్షించి 2018లో కనుగొనిరి. ప్రజలకు తోడేలును గుర్తుచేయు ఆ చల్లని నీలిచూపు తోడేలుది కానే కాదన్నమాట.

చర్మము క్రింద

పుర్రెలను పోల్చిన తోడేలుది పొడవు, దవడలు బలిష్ఠము, మాంసము కోయు దంతములు మిక్కిలి పెద్దవి. తోడేలు మెదడుకంటె సమానమైన బరువుగల కుక్క మెదడు సుమారు నాలుగవ వంతు చిన్నది. కంటిగుంట వాలును కొలిచి తోడేలుకు 40 నుండి 45 డిగ్రీలు, కుక్కకు 53కు పైన అని పాత పుస్తకములలో వ్రాయుదురు. కాని తరువాతి కొలతలలో ఈ అంకెలు ఒకదానిమీద ఒకటి ఎక్కినవి గనుక ఆ గుర్తు ఒక్కటే పట్టుకొని తీర్పు చెప్పరాదు.

ఇంతకంటె విచిత్రమైనది కనుబొమ్మ సంగతి. కుక్క యజమానివంక దీనముగా చూచునప్పుడు లోపలి కనుబొమ్మ పైకి లేచును. ఆ పని చేయునది ఒక చిన్న కండరము. 2019లో నాలుగు తోడేళ్ళ, ఆరు కుక్కల ముఖములను కోసి పరిశీలింపగా, ఆ కండరము కుక్కలన్నిటిలోను స్పష్టముగా ఉన్నది. తోడేళ్ళలో కొద్దిపాటి పోగులు మాత్రమే ఉన్నవి. కంటి వెలుపలి మూలను వెనుకకు లాగు రెండవ కండరము తోడేళ్ళలో బలహీనము, కుక్కలలో సామాన్యముగా పుష్టిగలది. పరీక్షింపబడిన కుక్కలలో ఈ రెండవ కండరము లేనిది ఒక్కటే: సైబీరియా హస్కీ. లోపలి కనుబొమ్మ విషయములో హస్కీ కుక్కలతోనే చేరినది. కంటి మూల విషయములో చేరలేదు. ఇట్టి మిశ్రమ సాక్ష్యమే శాస్త్రమునకు రుచి.

ఆహారములోను ఇదే కథ. అన్నము నమలగా నమలగా తియ్యనగునని విద్యార్థులకు తెలియును. మన లాలాజలములోని అమైలేజు అను ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చుటయే దీనికి కారణము. కుక్క లాలాజలములో ఈ ఎంజైము లేనట్లే. దానికి అది క్లోమమునుండి వచ్చును. 2013లో స్వీడన్ దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయమువారు తోడేలులో ఈ అమైలేజు జన్యువు రెండే ప్రతులున్నవనియు, కుక్కలలో నాలుగు మొదలు ముప్పదివరకు ఉన్నవనియు చూపిరి. మనిషి పొలము దున్ని, ధాన్యము పండించి, మిగిలిన మెతుకులు కుక్కకు వేయ మొదలుపెట్టిన తరువాత, ఆ మెతుకులు జీర్ణించుకోగలిగిన కుక్కలే ఎక్కువ పిల్లలను కన్నవని ఊహింపవచ్చును.

హస్కీ సంగతి ఏమి? 2014లో వెలువడిన లెక్క ప్రకారము, వ్యవసాయము తొలుత పుట్టిన పశ్చిమాసియా ప్రాంతపు సలూకీ కుక్కలో 29 ప్రతులు. ఆస్ట్రేలియా డింగోలో రెండు. సైబీరియా హస్కీలో మూడు లేక నాలుగు. హస్కీని పెంచిన చుక్చీలు సైబీరియా ఈశాన్య కొననుండు ప్రజలు. అక్కడ పొలములు లేవు. సీలు, వాల్రసు, చేప, రెయిన్‌డీరు మాంసము, క్రొవ్వు, ఇవియే మనిషికిని కుక్కకును తిండి. ధాన్యము ఎరుగని ఇంట పెరిగిన కుక్కకు పిండి జీర్ణించుకొను జన్యువుతో పనియేమి? కనుక హస్కీ నిజముగా తోడేలుకు దగ్గరగా నిలుచున్నది మొగములో కాదు, క్లోమములో. అంతటితో అది తోడేలని చెప్పరాదు. పాత గుణము పోగొట్టుకొనవలసిన అవసరము దానికి కలుగలేదు, అంతే. బాల్టోయైతే ఈ విషయములో తోడేళ్ళకంటె, గ్రీన్‌లాండు కుక్కలకంటె ఒక మెట్టు పైన, నేటి సామాన్య కుక్కలకంటె క్రిందను ఉన్నట్లు తేలినది.

మచ్చిక వేరు, పెంపకము వేరు

ఇప్పుడు అన్నిటికంటె పెద్ద భేదమునకు వచ్చుచున్నాము. తోడేలు ఏడాదికి ఒక్కమారే, చలికాలపు చివర జతకట్టును. సామాన్యముగా రెండేండ్లు నిండువరకు పిల్లలను కనదు. గుంపు అనగా చాలవరకు తల్లి, తండ్రి, వారి పిల్లలు, ఒక కుటుంబము. తండ్రియు, పెద్ద పిల్లలును వేటనుండి వచ్చి, మ్రింగిన మాంసమును కక్కి కూనలకు పెట్టుదురు. హస్కీ మిగిలిన కుక్కలవలెనే ఏడాది నిండకమునుపే ఈడేరి, ఏడాదికి రెండుమార్లు ఎదకు రాగలదు. మగకుక్కకు సంసారపు బాధ్యత చాల తక్కువ. ఊళ వేయుటలో మాత్రము హస్కీ తోడేలును మరపించును. మొరుగుట తక్కువ, ఊళ ఎక్కువ. ఇరుగుపొరుగువారు దీనిని చాలకాలము జ్ఞాపకముంచుకొందురు.

కూనల పెంపకమును పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞురాలు కాథరిన్ లార్డ్ 2013లో ఒక చక్కని సంగతి ప్రకటించినది. తోడేలు కూనకును, కుక్క కూనకును ఇంద్రియములు ఒకే వయసున వచ్చును: రెండవ వారమున వాసన, నాలుగవ వారమున వినికిడి, ఆరవ వారమున చూపు. కాని తోడేలు కూన రెండవ వారముననే లేచి చుట్టుప్రక్కల తిరుగ మొదలిడును. అప్పటికి దానికి చూపును లేదు, వినికిడియు లేదు. ముక్కు ఒక్కటే ఆధారము. కుక్క కూన నాలుగవ వారమున బయలుదేరును. అప్పటికి ముక్కు, చెవి రెండును పనిచేయుచుండును, చూపు త్వరలో వచ్చును. జంతువు ఎవరిని తనవారిగా ఎంచుకొనునో నిర్ణయించు కిటికీ ఈ వయసులోనే తెరచుకొని, కొంతకాలమునకు మూసికొనును. తోడేలుకు ఆ కిటికీ ముందుగా తెరచుకొని ముందుగానే మూసికొనును. తరువాత దానికి చూపు, వినికిడి వచ్చినపుడు ప్రతి క్రొత్త ధ్వనియు, ప్రతి క్రొత్త ఆకారమును భయము కలిగించును. కుక్కకు ఆ కిటికీ మూడు, నాలుగు వారములనుండి పండ్రెండు వారములవరకు తెరచియుండును. రోజుకు కొద్దిసేపు మనిషి చేతిలో ఆడుకొన్న కుక్కపిల్ల జీవితాంతము మనిషిని నమ్మును. తోడేలు కూనకు ఆ పాటి నమ్మకము కలుగవలెనన్నను కన్ను తెరువకముందే తల్లినుండి తీసి, రాత్రింబవళ్ళు ప్రక్కన పెట్టుకొని పెంచవలెను.

అట్లు పెంచిన తోడేలు మచ్చికయగును. కాని మచ్చిక ఒక జంతువు బ్రతుకులో జరుగునది; దాని పిల్లలకు రాదు. పెంపకము వందల తరములలో జరుగునది. అది పిల్లలకు పుట్టుకతోనే వచ్చును. ఏనుగును అడవిలో పట్టి మచ్చిక చేయుదురు గాని దానిని ఆవువలె పెంపుడు జాతియనము. తెలుగులో ఈ రెండు మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడు అలవాటున్నది. ఉపాధ్యాయులు ఈ భేదమును ఒత్తి చెప్పుట మంచిది.

హంగరీ దేశపు బుడాపెస్టులో మిక్లోషియు, ఆయన తోటివారును 2003లో ప్రకటించిన పరీక్ష ఈ భేదమును కండ్లకు కట్టించును. మనుష్యుల చేతిలో ఒకే తీరుగా పెరిగిన తోడేళ్ళకు, కుక్కలకు, తాడు లాగి మాంసపు ముక్క సంపాదించుట నేర్పిరి. రెండును నేర్చుకొన్నవి. పిదప ఆ తాడు రాకుండ రహస్యముగా బిగించిరి. తోడేలు లాగుచునే ఉన్నది. కుక్క కొంచెముసేపు లాగి, ఆగి, వెనుదిరిగి మనిషి ముఖమువంక చూచినది. బండి ముందు నడచు కుక్కలో వాడుకొనబడునది ఈ గుణమే. నోమ్ దారిలో మంచు తుఫానులో బండివానికి తన చేయి తనకే కనబడని వేళ, ముందు కుక్క దారి పసిగట్టి నడచుటయు, ఆగుమన్నప్పుడు ఆగుటయు ప్రాణములు నిలబెట్టినవి. కాళ్ళ బలములో తోడేలు హస్కీకి తీసిపోదు. లోపించినది మనిషి మాటకు చెవియొగ్గు స్వభావము.

హస్కీ ఎక్కడినుండి వచ్చినది

తూర్పు సైబీరియా సముద్రములో జోఖోవ్ అను చిన్న ద్వీపమున్నది. అక్కడ 9,500 సంవత్సరములనాటి కుక్కల ఎముకలు, బండ్ల ముక్కలు దొరికినవి. 2020లో ఆ ఎముకలలోని జన్యులిపిని చదువగా, నేటి గ్రీన్‌లాండు బండికుక్కలకు, హస్కీలకు అది దగ్గరి చుట్టమని తేలినది. మనలను ఆశ్చర్యపరచు మాట రెండవది: అమెరికా ఉత్తర ధ్రువప్రాంతపు తోడేళ్ళ మధ్యనే వేలయేండ్లు బ్రతికినను, ఆ తోడేళ్ళ రక్తము బండికుక్కలలో చెప్పుకొనదగినంత కలియలేదు. బండికుక్కను తోడేలుతో దాటించి బలము పెంచుదురను వాడుకమాట బలహీనపడినది.

అట్లని బొత్తిగా కలియలేదనుటయు తప్పే. సైబీరియాలోని తైమిర్ ద్వీపకల్పమున దొరికిన 35,000 యేండ్లనాటి తోడేలు ఎముకను 2015లో పరీక్షింపగా, ఇప్పుడు అంతరించిన ఆ శాఖ అంశ హస్కీలోను, గ్రీన్‌లాండు కుక్కలోను కొంత ఉన్నట్లు కనబడినది. అంచనా 1.4 నుండి 27.3 శాతము వరకు. హద్దులు ఇంత దూరముగా ఉన్నవి గనుక అంకెను పట్టుకొని వాదించుటకంటె, ఏనాడో మంచుయుగపు సైబీరియాలో ఒక కలయిక జరిగినదని గ్రహించిన చాలును. బండికుక్కలో ఉన్న తోడేలు నేటి అడవిలోని తోడేలు కాదు.

రక్తము ఎదురు దిక్కున ప్రవహించిన సాక్ష్యము మరింత వింతయైనది. ఉత్తర అమెరికాలో నల్లని తోడేళ్ళున్నవి. వానిని చూచి భయంకరమైన అడవి మృగమునకు ఇదియే అసలు రంగని జనులు అనుకొందురు. ఆ నలుపునకు కారణమైన జన్యుభేదము పూర్వము కుక్కలనుండియే తోడేళ్ళకు సంక్రమించినదని 2009లో నిర్ధారించిరి.

కలయిక వలన చిక్కు

పాశ్చాత్య దేశములలో తోడేలును కుక్కతో దాటించి పిల్లలను అమ్మువారున్నారు. మొగము చూచి ముచ్చటపడి కొన్నవాడు, కూన రెండేండ్లదై ఈడేరిన తరువాత ఇబ్బంది పడును. తోడేలు స్వభావము, కుక్క స్వభావము ఒక్కొక్క పిల్లలో ఒక్కొక్క పాళ్ళలో చేరును. ఏ పిల్ల ఎట్లగునో ముందుగా చెప్పుట సాధ్యము కాదు. పిచ్చికుక్క కాటు వ్యాధికి కుక్కలకు వేయు టీకా, ఈ సంకరములకు పనిచేయునని అమెరికాలో అధికారికముగా ఆమోదింపబడలేదు. అట్టి జంతువు ఎవరినైన కరచినచో, టీకా వేయించినను లెక్కకు రాదు. మరికొందరు సంకరమని చెప్పి ఒట్టి హస్కీనే అమ్ముదురు. కొన్నవాడు తోడేలును పెంచుచున్నానని గర్వపడును. ఈ రెండవ మోసమున అపాయము తక్కువ.

మన దేశములో తోడేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి పట్టికలోనిది. దానిని పట్టుటయు, పెంచుటయు నేరము. హస్కీకి అట్టి నిషేధము లేదు. మంచుకై ఏర్పడిన రెండు పొరల బొచ్చుతో అది మన నగరముల వేసవిలో రొప్పుచు నీడకు దేవులాడుట చూచినవారికి, కొన్నవానిమీద కోపము రాకమానదు.

మన తోడేలుకు వచ్చిన ఆపద మరియొకటి. కర్నూలు, అనంతపురము మెట్టభూములలో, రోళ్ళపాడు వంటి గడ్డిబీళ్ళలో గొర్రెల మందల చుట్టు తిరుగు ఈ తోడేలు, ప్రపంచములోని తోడేళ్ళ శాఖలలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో ఒకటియని ఇటీవలి జన్యుపరీక్షలు తెలుపుచున్నవి. గడ్డిబీళ్ళు తగ్గి, ఊళ్ళు పెరిగి, ఊరకుక్కలు బీళ్ళలోనికి చేరుటచేత తోడేలుకు తోడేలు జత దొరకుట కష్టమైనచోట కుక్కతో కలియుట జరుగుచున్నది. మహారాష్ట్రలో పుణె పరిసరముల గడ్డిభూములలో ఇట్టి సంకరమున్నట్లు జన్యుపరీక్షవలన తేలిన సంగతి 2023లో ప్రకటితమైనది. హస్కీని తోడేలని పొరబడినవాడు ఇంటికి వెళ్ళి నవ్వుకొనవచ్చును. ఊరకుక్క రక్తము కలిసిన తోడేలు మాత్రము బీటిలో దూరమునుండి చూచిన, తోక, కాళ్ళు, కన్ను అన్నియు తోడేలువలెనే ఉండవచ్చును. దానిని గుర్తించుటకు ముండ్లకంపకు చిక్కుకొన్న వెంట్రుకలనో, కాలిబాటన పడియున్న మలమునో గాజుగొట్టములో భద్రపరచి ప్రయోగశాలకు పంపవలసియున్నది.